మైనస్ నలభై

కుమాసీలో మంచు పడిందని
ఆ బండి తప్ప ఇంకెవరూ అనలేదు.

మధ్యాహ్నం రెండు. షెడ్డు రేకు మీద
గుడ్డు కొడితే అట్టయ్యే ఎండ.
బాఫోర్ ట్రోట్రో మాత్రం
గడ్డకట్టిన దేశంలో నిలబడ్డట్టు
నిమిషానికి పద్దెనిమిది వందల చుట్లు
ఊరికే తిరుగుతోంది, గేరైనా పడకుండా.

"బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు,
ముందున్న అరటికాయలామె బుట్టలో ఉంటుంది.
సంపాదించిందంతా ఇదే తాగేస్తే నేనేం తాగను?"
అన్నాడు బాఫోర్.
కుడి పిక్క రాయైపోయిందని
ప్యాంటు ఎత్తి మరీ చూపించాడు.

మా మేస్త్రి అంపోన్సాకి చెవే పరికరం.
పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజను మీద ఆనించి
పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
"ఎక్కడో గాలి పీలుస్తోంది, డుఫీ."
గొట్టం గొట్టానికీ సబ్బునీళ్ళు చిలకరించాను.
ఎక్కడా గుటక వెయ్యలేదు.
థ్రాటిల్ విప్పి మసి కడిగాను.
నా గోళ్ళు నల్లబడ్డాయి, అంతే.

మేస్త్రి ఫూఫూ తినడానికెళ్ళినప్పుడు
పక్క షెడ్డు నించి స్కానరు అరువు తెచ్చాను,
గంటకి పది సేదీలు, నా డబ్బే.
తెర మీద ఒక వరుస:
కూలెంటు వేడి, మైనస్ నలభై.

నవ్వొచ్చింది.
రేడియేటరు మూత మీద గుడ్డ వేసి కూడా
చెయ్యి పెట్టలేకపోతున్నాను.
నాకు తెలిసిన చలి
హర్మట్టాన్ రోజుల్లో తెల్లారగట్ల పెదవి పగలడం దాకానే.
మైనస్ నలభై ఎలా ఉంటుందో
ఈ బండికెవరు చెప్పారు?

ఇంజను ఆపి, తాళం ఆన్‌లోనే ఉంచి కనెక్టరు ఊడదీశాను. మైనస్ నలభై.
దాని రెండు కన్నాల్నీ తీగముక్కతో కలిపాను.
అంకె ఒక్క గెంతున నూట ముప్ఫై దాటింది.
తీగలది తప్పు లేదు.
కొసన కూర్చున్న ఇత్తడి ముక్క,
నా బొటనవేలంత,
లోపలెక్కడో తెగిపోయి
మరుగుతున్న నీళ్ళలో మెడదాకా మునిగి
చలి, చలి అంటోంది.
ఇంజను నమ్మింది. నమ్మక?
దానికింకో చర్మం లేదుగా.
వణికే పిల్లకి దుప్పటి మీద దుప్పటి కప్పే మేనత్తలా
పెట్రోలు మీద పెట్రోలు పోసింది.

చల్లారేదాకా ఆగాం.
పంతొమ్మిదో నంబరు స్పానరు.
పాతది ఊడగానే పచ్చటి నీళ్ళు మోచేతి దాకా;
ఒక వేలితో కన్నం మూసి
రెండో చేత్తో కొత్తది, రాగి వాషరు మరిచిపోకుండా.

స్టార్ట్ చేశాం. మొదట పైకి లేచింది.
వేడెక్కేకొద్దీ దిగింది,
పన్నెండు వందలు, తొమ్మిది, ఆరు, నాలుగు,
ఒక దగ్గు.
చచ్చిపోయింది.

బాఫోర్ నా వంక చూశాడు.
ఏమీ అనలేదు. అనక్కర్లేనట్టు చూశాడు.

మేస్త్రి కూడా మాట్లాడలేదు.
చాలాసేపటికి వంగి, థ్రాటిల్ పక్కనున్న గాలి మర
గుడ్డతో తుడిచాడు.
దాని తల మీద తెల్ల రంగు చుక్క.
అది అతని గుర్తు.

"పోయిన నెల ఇతను వచ్చాడు," అన్నాడు మరతోనే.
"కారణం దొరకలేదు.
రెండున్నర చుట్లు బిగించి పంపేశాను.
డబ్బులు కూడా తీసుకున్నాను."

స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు.
"వదులు చెయ్యి. లెక్కపెట్టు."
ఒకటి.
రెండు.
ఇంకో సగం.

ఏడు వందల యాభై.
ఎంత నిశ్శబ్దమంటే
ఆగిపోయిందనుకుని బాఫోర్ మళ్ళీ తాళం తిప్పాడు.
స్టార్టరు కీచుమంది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం.
అప్పుడు నవ్వాడు. బండి వెనకద్దం మీద
"ఓపిక" అని ట్వీలో రాయించుకున్న మనిషి,
అందులో సగం అక్షరాలు ఎండకి ఎప్పుడో పోయాయి.
మేస్త్రి అతని దగ్గర సెన్సరు ఖరీదే తీసుకున్నాడు.
నా పది సేదీలు నాకిచ్చాడు.

పాత ముక్క నా పాలడబ్బాలో
బోల్టుల మధ్య ఉంది.
నిన్న మేస్త్రి వాషరు కోసం వెతుకుతూ
దాన్ని పైకి తీశాడు.
పారేస్తాడనుకున్నాను.
అరచేతిలో కాసేపు బరువు చూసి
మళ్ళీ డబ్బాలోనే వేశాడు.