డిసెంబరులో మెడోలార్క్

కుక్ సిటీ రోడ్డు మీద ముప్పై రెండు చలికాలాలు
మంచు తోసే బండి నడిపాను.
ఇంజను నా చెవుల్లోంచి
ముందు సన్న గొంతులు ఎత్తుకుపోయింది:
చికడీ, మెడోలార్క్, పొయ్యి మీద కెటిల్ ఈల,
ఆఖరికి మా ఆవిడ విల్మా గుసగుస.
బొంతకాకిని మాత్రం వదిలేసింది.
దానికీ కాకంటే భయమనుకుంటా.

పోయిన నవంబరులో
పెట్రోలు బంకు బర్డెట్ మనవరాలు మార్నీ
పాత లాప్‌టాప్ నా బల్ల మీద పెట్టి
"ఓరిన్, ఇప్పట్నుంచి నువ్వు ఆడతోడేలువి" అంది.
నాలుగు కాళ్ల నడక నేర్చుకోవడానికి రెండు రాత్రులు పట్టింది.
రెండు కాళ్ల కంటే నయమే.
మోకాళ్లు నొప్పెట్టవు.

తెరలో ఉన్నది నాకు తెలిసిన లోయే.
లామార్ నది ఒంపు, కాటన్‌వుడ్ చెట్లు,
నా బండి దిగబడి తెల్లవార్లూ కూర్చున్న మలుపు.
రోడ్డొక్కటే లేదు.
నా ఉద్యోగమంతా చెరిపేసి లోయను గీశారు.
కోపం రాలేదెందుకో.

ఎల్క్‌ను పడగొట్టానో లేదో, కాకులు.
నెత్తురు వాసన గాలికెక్కకముందే దిగుతాయి.
తరిమితే లేస్తాయి, నాలుగడుగుల అవతల వాలతాయి,
నా పంటికి ఒక వెంట్రుక దూరంలో తింటాయి.
ఇది నిజం. ఎన్నిసార్లు చూశానో అద్దంలోంచి.
మ్యాగ్‌పైలు మాత్రం
ఒక్క పిట్టనే పదిసార్లు అచ్చుగుద్దినట్టు
అన్నీ ఒకేసారి తోకలెత్తుతాయి.
మార్నీకి చూపిస్తే, "నీకెందుకు, తిను" అంది.

హెడ్‌ఫోన్లు మర్చిపోయి వెళ్లింది ఒకరోజు.
పెట్టుకుని, శబ్దం చివరిదాకా తిప్పాను.
బయట సున్నాకి ఇరవై కింద. తెర లోపలా మంచే.
ఆ మంచులోంచి
మెడోలార్క్.

పదకొండేళ్లు.
నా తోడేలు ఎల్క్ పక్కన ఊరికే నిలబడిపోయింది.
కాకులు కడుపునిండా తిన్నాయి.
నేను హెడ్‌ఫోన్లు తియ్యలేదు,
మళ్లీ కూస్తుందేమోనని. కూసింది.
అయిదు రాత్రులు వేటకే పోలేదు.
నా పిల్లలు ఆకలితో చచ్చిపోయారని తెర చెప్పింది.

కానీ నేను లాగ్‌బుక్ మనిషిని.
పడిన ప్రతి అంగుళం మంచూ తేదీతో సహా రాసినవాణ్ణి.
మెడోలార్క్ ఈ లోయకు మార్చి చివర్లో వస్తుంది.
డిసెంబరులో కూయదు. తప్పు తప్పే.
ఆట తయారుచేసినవాళ్లకు ఉత్తరం రాశాను,
తేదీలతో, రెండు పేజీలు.
కెస్టర్ లిండ్ అని ఒకాయన జవాబిచ్చాడు:
"మీరన్నది నిజం సార్, సరిచేస్తాం. కృతజ్ఞతలు."
జవాబును ఫ్రిజ్ తలుపుకి అంటించాను కూడా.

ఫిబ్రవరిలో అప్‌డేట్ వచ్చింది.
"నొక్కనా?" అంది మార్నీ.
నేనే నొక్కాను.

ఇప్పుడు తెరలో చలికాలం సరిగ్గా చలికాలంలాగే ఉంది.
గాలి. మంచు కింద ఎలుక గీరుడు, అదీ ఉందని మార్నీ చెబితేనే.
కాకి.
కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాళ్ల గురించి విన్నాను.
నేను నరికింది పిట్ట కూర్చున్నది.

"ఒక్క నొక్కుతో వసంతంలోకి దాటిపోవచ్చు" అంది మార్నీ,
మీట కూడా చూపించింది.
వద్దన్నాను.
ముప్పై రెండేళ్లు మంచును తోశాను గాని
ఋతువును ఏనాడూ తొయ్యలేదు.

ఈ పొద్దున సోడా బట్ వాగు దాకా నడిచాను.
గడ్డకట్టని పాయ మధ్యలో, రాయి మీద
బూడిదరంగు డిప్పర్ పిట్ట.
ముక్కు తెరుస్తోంది, మూస్తోంది.
చలికాలంలోనూ పాడుతుందది,
నా పాత పుస్తకంలో రాసే ఉంది: జనవరి తొమ్మిది,
వంతెన దగ్గర, బండి ఆపి విన్నాను.

చెవిటివాడి ముందు శంఖం.
అయినా మర్యాదకి తలూపాను.
అది నన్నే చూస్తూ
రాయి మీద గుంజీలు తీసింది.