కొసరు

కంబాలకొండ మీద మబ్బు ఇంకా విడలేదు.
రేకుబల్ల మీద గూడబాతు.
ముక్కు కింద సంచి ఖాళీగా వేలాడుతోంది
బజారుకి తీసుకెళ్ళడం మరిచిపోయిన చేతిసంచిలా.

ఒంటి మీద దెబ్బల్లేవు.
రాత్రి ఏడింటికి ఈదిందట,
తెల్లారి అయిదింటికి తేలిందట.
గుమ్మం దాటి రాకుండానే చెబుతున్నాడు
జాలారిపేట వాసుపల్లి ఎల్లాజీ,
పదకొండేళ్ళు దీనికి చేపలు విసిరినవాడు.

రొమ్ము ఎముక తెరిచాను.
గుండె ఉండాల్సిన చోటే ఉంది,
ఉండాల్సినంత లేదు. ఎక్కువుంది.
ఒక పక్కకి ఉబ్బి, వదులై,
గాలి తగ్గిన బంతిలా అరచేతిలోకి జారింది.
పెద్ద ధమని కోస్తుంటే
కత్తెర కింద ఇసుక నమిలిన చప్పుడు.
లోపలి గోడంతా పచ్చని పెచ్చులు,
ఒడ్డుకి లాగేసిన పడవ అడుగున గుల్లల్లా.

"గుండెజబ్బు," అన్నాను.
"పచ్చులకి కూడానా డాక్టరమ్మా?
సుట్టా, సారానా, అప్పులా,
ఏటున్నాయి దీనికి?"

ఏమున్నాయి.
సిమెంటు కుంట, నలభై అడుగులు అటు, ఇరవై ఇటు.
కుడిరెక్క చివర తీసేసిన తేదీ,
పాత రిజిస్టరులో, ఎవరిదో అందమైన చేతిరాత.
పదింటికి కిలో కవ్వళ్ళు, హార్బరు ఐసు చలితో.
తేలినీలాపురం చింతకొమ్మల మీద దీని జాతి
పిల్లల నోళ్ళకోసం
చెరువు నుంచి చెరువుకి ఎగిరి కరిగించుకునే కొవ్వు
ఇక్కడ వెళ్ళే చోటు లేక
వచ్చిన దారికే అతుక్కుంది.

డేగా నుంచి నేవీ విమానం లేచినప్పుడల్లా
తల పక్కకి వాల్చి ఒంటికన్నుతో చూసేది.
రెక్కలు విప్పేది, ఒకటి నిండుగా,
ఒకటి ఉన్నంత.
ఇది రాయడానికి నా ఫారంలో గడి లేదు.

చేతులు కడుక్కుంటుంటే
వెనకనుంచి, చాలా చిన్నగా:
"రోజూ నాలుగు కొసరేసేవోణ్ణి.
మా తమ్ముడి బోటువి, తాజావి.
అలా నోరు తెరుసుకుని సూస్తే
ఎలా ఆగుతాం సెప్పండి."

కుళాయి కట్టలేదు నేను.
నాలుగు చేపలతో వచ్చే జబ్బు కాదని చెప్పొచ్చు.
కాదని చెప్పడానికీ లేదు.

మర్నాడు పదింటికి
మిగిలిన మూడూ కంచె దగ్గరికి ఈదుకొచ్చాయి.
త్రాసు ముల్లు కిలో దగ్గర ఆగింది.
ఎల్లాజీ చెయ్యి ఐసులోనే ఉండిపోయింది,
వేళ్ళు ఎర్రబడేదాకా.