లోపలి అతుకు

రువైస్‌ల జూన్ నెల.
పొద్దుగాల ఆరింటికే ఇనుము ముట్టనియ్యది.
పన్నెండు ఇంచుల పైపు మీద మూడోసారి
పసుపు చాక్‌తోని గుండ్రంగ గీసిండు లియాంగ్.
రిపేర్.

పైనుంచి చూస్తే నా అతుకు
బొచ్చె చేప పొలుసుల లెక్క ఉంటది.
చూసినోడల్లా శెబ్బాష్ అన్నోడే, పన్నెండేండ్లు.
ఈయన ఒక్కడే పైన చూడడు.
ఎక్స్‌రే ఫిలిం లైట్ డబ్బ మీద పరిచి,
ఒక కన్ను చిన్నగ జేసి,
ఆవగింజంత నల్లచుక్కను దొరకవడ్తడు.
"అందర్, భాయ్, అందర్" అంటడు.
ఆయనకొచ్చిన హిందీ అంత అదే.

తిట్టుకున్న. తెలుగుల తిట్టుకున్న,
నవ్వుకుంట, ఆయనకు సమజ్ గానట్టు.
పైపు లోపల ఎవడు తొంగి చూస్తడు?
రేపు అండ్ల గ్యాస్ పోతది.
గ్యాస్‌కు కండ్లున్నయా?

పది గంటలకు చాయ్.
కంటైనర్ నీడ అప్పటికే మూరెడుకు వచ్చింది.
రాజలింగు, షేర్ జమాన్, నేను
అండ్లనే మోకాళ్లు ముడుసుకోని కూసున్నం.
ఎన్నడు లేంది, లియాంగ్ వచ్చి మా నడిమిట్ల ఇరుక్కున్నడు
ఫోను అడ్డంగ పట్టుకోని.

తెర నిండ గడ్డి.
ఆకాశం నుంచి ఏదో దిగుతుంటే
నా చూపు ముందుగాల గడ్డి మీదికే పోయింది,
కురుమోన్ని గద.
ఎన్ని గొర్లు మేస్తయో లెక్కగట్టినంక
పారాచూట్‌ను చూసిన.
కిందపడ్డది, మసిబట్టిన పెండ్లి గుండిగ లెక్క.
లియాంగ్ కేకెయ్యలె, చప్పట్లు గొట్టలె.
చాయ్ గ్లాసు ఇసుకల పెట్టి
రెండు చేతులు తొడలకు తుడుసుకున్నడు.

ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు, షేర్ జమాన్ అందాజ
మూడు కలిపితే తెలిసిందేందంటే,
చందమామ ఎనుక దిక్కు నుంచి వచ్చిందట.
మన దిక్కు ఎన్నడు తిరగని పక్క.
ఆడ దిగి, తవ్వి,
మన్ను మూటగట్టుకోని ఇల్లు చేరిందట.
"ఎంత మన్ను?" రాజలింగు అడిగిండు.
రెండు కిలోలకు జర తక్కువ.

రెండు కిలోలు!
పోయిన సెలవుకు అబుదాబి ఎయిర్‌పోర్ట్‌ల
నా పెట్టె కాంటా మీద ఎక్కువ తూగింది గంతే.
లైన్ల అందరి ముందట తాడు కోసి
పాలపొడి డబ్బ తీసి
నేల తుడిసేటాయన చేతుల పెట్టి పోయిన.
చెప్దామనుకున్న. నవ్వొచ్చి ఊకున్న.

లియాంగ్ ఇంకో ముచ్చట చెప్పిండు.
చెల్లె మొగుడు టియాంజిన్‌ల రాకెట్ ట్యాంకులు అతికిస్తడట.
నా బొటనవేలు గోరంత మందం రేకు.
ఇప్పుడు పోయొచ్చిన దాంట్ల
ఆయన అతుకు ఉన్నదో లేదో
ఇంట్లోల్లకు సుత తెల్వదు. అడిగితే చెప్పడట.
చెప్పి లియాంగ్ వేలు పైకెత్తి,
మల్ల నా పైపు దిక్కు తిప్పి,
ఆ ఒక్క మాటనే అన్నడు.

గ్రైండర్ పెట్టి మొత్తం కోసేసిన.
మూడు రోజుల పని, నిప్పురవ్వలయి పోయింది.
రెండు దిక్కుల అట్టలు మూసి
లోపల ఆర్గాన్ నింపినంక
చెవి ఆనించి విన్న, అన్నం ఉడుకుతుందో లేదో విన్నట్టు.
అప్పుడు ముట్టిచ్చిన, మొదటి వరుస.
మెల్లగ. తొందరపడితే ఊపిరి సుత చుక్కయితది.

తెల్లారి ఫిలిం మీద చుక్క లేదు.
లియాంగ్ ఏమనలె.
చాక్ జేబుల ఏసుకోని పక్క పైపు కాడికి పోయిండు.
ఎనుకనుంచి చూస్తే
ఆయన అంగీ సుత నా లెక్కనే ఉప్పు గట్టింది.

ఆ రాత్రి పదకొండు దాటినంక
రిఫైనరీ మంట పక్కనుంచి లేసింది చందమామ,
ఒక అంచు అరిగి.
ఇంటికి ఫోన్ చేసిన.
కుడిచేత్తోని ఫోను పట్టుకోని,
కాలిన ఎడమచెయ్యి దుప్పటి కింద పెట్టుకోని,
మన్ను ముచ్చట, గడ్డి ముచ్చట, అన్నీ చెప్పిన.
బిడ్డ అన్నీ విన్నది.
విని, తెరకు మొకం దగ్గరికి తెచ్చి,
"బాపూ, ఇంకో చెయ్యేది?" అన్నది.