రెండు తీసెయ్యాలె

స్టేషన్ రోడ్డు దుకాణంల, గాజుబల్ల మీద
మూడు మీటర్లు పెట్టిండు దామోదర్ సేటు.

మొదటిది పచ్చ డబ్బా, అగ్గువది.
సిగ్నల్ ఎంతున్నదో చెప్తది, ఎట్లున్నదో చెప్పది,
బావిల నీళ్లు ఎన్ని గజాలో చెప్పి
తాగొచ్చో లేదో చెప్పనట్టు.
రెండోది రంగుల తెర. రెండూ చెప్తది.
ఎర్రటెండల స్తంభమెక్కితే మాత్రం
ఆ తెరల నా మొఖమే కనవడతది.
మూడోదాని ధర సేటు నోటితోని చెప్పలే,
క్యాలిక్యులేటర్ నా దిక్కు తిప్పిండు.

నా సంచిల పాతదున్నది. ముల్లు మీటరు.
ఓదెలన్నది.
శివనగర్ నుంచి కరీమాబాద్ దాకా
ప్రతి స్తంభం ఆ ముల్లుకు ఎరుకే.
నా చేతిల పెట్టిననాడు ఒక్కటే మాటన్నడు:
"ఇది రెండు ఎక్కువ చూపిస్తదిరా, రెండు తీసెయ్యాలె.
ఎంత అబద్ధమాడుతదో ఎరుకైన మీటరు
నిజం చెప్పినట్టే."

మీటరును నేను మొదటిసారి చూసింది
ఎనుమాముల మార్కెట్ల.
బాపు పత్తి. తెల్లారెదాక బండి మీదనే పండుకున్నం.
వచ్చినాయన ఇనుప పుల్ల బోరెంల గుచ్చి
పద్నాలుగన్నడు. తేమున్నదన్నడు.
బాపు పిడికెడు పత్తి తీసి చెంపకానిచ్చుకున్నడు.
"పొడిగనే ఉన్నది" అన్నడు,
ఎవ్వలతోని కాదు, పత్తితోనే.
క్వింటాలుకు నాలుగు వందలు కోసిన్రు.
మీటరు ఎవని చేతిల ఉంటే వాని దిక్కే మాట్లాడతదని
పన్నెండేండ్లప్పుడే నేర్చుకున్న.
నేర్చుకోని ఏం చేసిన?

రంగసాయిపేటల సుగుణవ్వ
బీడీలు చుట్టుకుంట సీరియల్ చూస్తది.
"ఏడు కాంగనే బొమ్మ పెంకులు పెంకులైతాంది బిడ్డా,
మొఖాలు సగం వచ్చి ఆగుతున్నయ్."
మూడుసార్లు పోయిన. మూడుసార్లూ పగటీలే.
ముల్లు చూసిన, రెండు తీసేసిన,
"లైను మంచిగనే ఉన్నదవ్వా, నీ టీవీదే తప్పు" అన్న.
ఆమె ఏమనలే.
కొంగుతోని టీవీని తుడిచింది.

సేటూ, ఆ రెండోదియ్యి.
ఎండకు తువ్వాల కప్పుకుంట.
చిట్టి పైసలు లెక్కవెడుతుంటే
"సంచి ఉత్తగనే ఇస్తున్న" అన్నడు సేటు,
సంచికి కూడ నేనే పైసలిచ్చిన్నని ఇద్దరికీ ఎరుకే.

శివనగర్ స్తంభం కాడ
ఒక్కటే వైరుకు ముందుగాల పాతది, ఎనుక కొత్తది పెట్టిన.
అరవై ఎనిమిది.
అరవై మూడు.
మల్లా పెట్టిన, కనెక్టర్ ఊదిన, మల్లా పెట్టిన.
రెండు కాదు, ఐదు.
ఎప్పటి నుంచో?
ఓదెలన్న ఉన్నప్పటి నుంచా, కాలం చేసినంకనా?
అన్ని ఇండ్లల్ల, అన్ని అరుగుల మీద,
రెండే తీసేసుకుంట వచ్చిన.

పొద్దు గూకంగ సుగుణవ్వ ఇంటికి పోయిన.
ఆమె చాటల తంబాకు చెరుగుతాంది.
వైరు పెట్టిన. బలం సరిపోను ఉన్నది,
నాణ్యం ముప్పై నాలుగు. మంచిగనే ఉన్నది.
నా నోట్ల పాత మాట సగం దాక వచ్చింది.
అప్పుడే బజాట్ల కరెంటు స్తంభం లైటు
టప్పటప్పమని కొట్టుకోని ఎలిగింది.
ఇరవై తొమ్మిది. ఇరవై నాలుగు. ఇరవై ఒకటి.
టీవీల పెండ్లిపిల్ల మొఖం చెక్కలైంది.

నిచ్చెనేసి చూస్తే, లైటు కిందనే
కోతులు కొరికిన జాయింటు,
లోపలి రాగి పచ్చగ చిలుమువట్టి.
కోసిన. కొత్త కనెక్టరేసిన. టేపు చుట్టిన.
దిగొచ్చి తప్పు ఒప్పుకుందామనుకుంటే
మాట ఎక్కడ మొదలువెట్టాల్నో తెల్వలే.

"టీవీది కాదా?" అన్నది సుగుణవ్వ.
"కాదవ్వా."
"అండ్ల అంకె కనవడతదా? ఏదీ, నన్ను చూడనియ్."

మీటరు ఆమె చేతిల పెట్టిన.
దూరం పెట్టుకోని చూసింది, దగ్గర పెట్టుకోని చూసింది.
తెర మీద ఆమె బొటనవేలు ముద్ర,
తంబాకు వాసన.
నేను తుడవలే.