చాకలి గుర్తు

ముహర్రక్‌ల, మసీదు వెనక సందుల,
మా లాండ్రీ షట్టర్ రాత్రి పదింటికి దిగుతది.
పది దాటినంక నేను సైన్యంల చేరుత.

జాసిం సార్ ఇంట్ల భోజనాల బల్ల మీద
ఇసుక పరిచిన పళ్లెం.
దాంట్ల నూట పన్నెండు మంది సిపాయిలు,
ఒక్కొక్కడు బొటనవేలి గణుపంత.
నూరేండ్ల కింద ఓడల్ల ఈ నీళ్ల మీదికెల్లి
బస్రాకు పోయిన మన దేశపు పటాలమట.
సార్ ముప్పై ఏండ్లు బడిల చరిత్ర చెప్పిండు.
ఇప్పుడు చేతులు వణుకుతున్నయి.
"లింబాద్రీ, నీది ఇస్త్రీ పెట్టె మోసిన చెయ్యి,
వణకదు" అన్నడు ఒకనాడు,
తన తోబు మడతలు చూసి.
అట్ల మొదలైంది.

మూడు సున్నాల కుంచె.
పెప్సీ మూతల నాలుగు చుక్కల రంగు.
గుండీ పెట్టేటప్పుడు ఊపిరి తీయొద్దు,
తీస్తే గుండీ జేబయిపోతది.
కండ్లు ఆఖరుకు.
ముందే పెడితే మిగిలిన పనంతా
వాడు చూస్తుంటడు, నాకు సిగ్గు.

తోలుపట్టీ ఎడమ భుజం మీద వేసినందుకు
ఎనిమిది మందిని తిన్నర్‌ల ముంచిండు సార్.
"ఈ పటాలానికి కుడి భుజం. పుస్తకం చూడు."
కాళ్ల పట్టీలు గుర్రపోళ్లు మోకాలి నుంచి కిందికి,
నడిచేటోళ్లు చీలమండ నుంచి పైకి
చుట్టుకుంటరట.
తప్పు చుడితే
చచ్చిపోయినోడు వచ్చి అడుగుతడా సార్, అన్న.
"అడగడు," అన్నడు. "అందుకే."

ఖాకీ కాడ మాత్రం కొట్లాడినం.
డబ్బా మీద ఖాకీ అని రాసుంది, అదే వెయ్యమన్నడు.
ఖాక్ అంటే దుమ్ము గద సార్,
ఏ ఊరి దుమ్ము?
మా దిక్కు దుమ్ము ఎరుపు, మీది పిండి తెలుపు.
పదహారేండ్లాయె యూనిఫారాలు ఉతుకబట్టి,
హోటలోళ్లవి, గార్డులవి, ఓడల రిపేరోళ్లవి.
బట్ట అంతటా ఒక్క తీరుగ వెలవదు.
భుజాల మీద ముందు పోతది, మోకాళ్ల మీద తర్వాత.
సంచి పట్టీ కింద మాత్రం
కొత్త రంగు దాక్కొని ఉంటది.
వీపు నడుమ చెమట ఆరి
ఉప్పు గీత పడ్తది, సముద్రపు అంచు లెక్క.
ఆర్నెల్లు ఎండల నడిచినోనికి డబ్బా ఖాకీ వేస్తే
దర్జీ దుకాణంల నుంచి
ఇప్పుడే దిగినట్టుంటడు.

సార్ భూతద్దం తీసిండు. చాలాసేపు చూసిండు.
పుస్తకం మూయలేదు గానీ పక్కకు జరిపిండు.
నూట పన్నెండు వీపులకు ఉప్పు గీతలు గీసిన.
రెండు రంజాన్‌లు పట్టింది.

ఆ తర్వాత వచ్చిన పొట్లంల, సిపాయిల నడుమ
ఒకడు వంగి నిలబడ్డడు, చేతిల తడిబట్ట.
పటాలం చాకలి.
సార్ మూడు పుస్తకాలు తిరగేసిండు.
సుబేదారున్నడు, బాకా ఊదేటోడున్నడు,
కంచర గాడిద జీనుకు సుత రంగుల బొమ్మ ఉంది.
వీనికి లేదు.
"ఏం వేద్దాం?" అన్నడు.
రెండేండ్లల్ల మొదటిసారి నన్నడిగిండు.

తలగుడ్డ: ఉతికి ఉతికి ఏ రంగో మరిచిపోయిన రంగు.
అంగీ: ఎవడో సిపాయి పారేసింది, చాన వదులు,
ఖాకీల మీద మాసికలు వేరే ఖాకీవి.
పంచె మోకాళ్ల దాక తడి, అంటే ఒక పిసరు నలుపు.
వేళ్ల కొసలు తెల్లగ, ముడతలు పడ్డట్టు.
చౌడుకైనా, సోడాకైనా, ఇక్కడి బ్లీచుకైనా
అట్లనే అయితది.
నా చెయ్యి పక్కన పెట్టుకొని చూసి వేసిన.

సార్ అద్దం ఎత్తిండు, దించిండు.
"ఒక గుండీ తక్కువుంది," అన్నడు.
"తెలుసు సార్. వాడు అందరివీ కుడతడు,
తనది మరుస్తడు."

ఫజర్ అజాన్‌కు ముందు, సార్ కునుకు తీసేటప్పుడు,
బొమ్మను తిరగేసి పీఠం అడుగున
చెరిగిపోని సిరాతోని రెండు చుక్కలు, ఒక అడ్డగీత పెట్టిన.
రేవుల మా ఇంటి బట్టలకు వేసుకునే గుర్తు.
ఎన్ని మూటలల్ల కలిసినా
ఎవరివి వాళ్లింటికి చేరాలని వేస్తం.

ఆరింటికి షట్టర్ ఎత్తాలె.
హోటలోళ్ల ఎర్రకోట్లు నలభై ఆరు.
గుండీలు లెక్క చూసుకోవాలె.