మరిచిపోయిన కాయల లెక్క

మొదటి ప్రణాళికను ఝుమగుల్ మేడమ్
టీకప్పు పక్కకి జరిపి చదివారు.
పదకొండు పేజీలు.
అడవంతా, ఆవులన్నీ, మారుతున్న వానలు,
నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ.
"బాగుంది బురుల్, ప్రశ్న ఏది?"
ముందు నుంచి ఒకసారి తిరగేశాను,
వెనక నుంచి ఒకసారి.
నేల విడిచి సాము అంటే అదే.
ఓష్ నగరంలో రెండో అంతస్తులో
హీటరుకి పాదాలు ఆనించుకుని
ఎక్కని కొండకి గళ్ళు గీశాను.

ఆ వారం పదకొండు పేజీలూ కరిగి
ఒక్క వాక్యం మిగిలింది:
పశువుల్ని ఆపితే అక్రోటు మొలక బతుకుతుందా?
అంత చిన్న వాక్యాన్ని కొండెక్కించడానికి
ముప్పై కంచెల తీగ, రెండు గాడిదలు,
ఒక వేసవి,
చాలక ఇంకో వేసవి.

చోటు నేను ఎంచుకోకూడదట.
నా కళ్ళకి నీడంటే ఇష్టం, కాళ్ళకి బాటంటే ఇష్టం,
మొలక ఉన్న చోటే మనసు ఆగిపోతుంది.
అందుకని అంకెల చీటీలు తీసి
మ్యాపు మీద వేశాను.
ఏడు వెళ్ళి ముళ్ళగులాబీ పొదలో కూర్చుంది.
పంతొమ్మిది వాగు నడుమ.
ఇరవై నాలుగు, తుర్సునలి గారి పెరట్లో,
కోళ్ళగూటికి మూడడుగుల దూరం.
ఆయన గడ్డం నిమురుకుని
"ఇక్కడికి దేవుడు పంపాడా, యూనివర్సిటీయా?" అన్నాడు.
చీటీ పంపిందన్నాను.
నవ్వి, వేడి రొట్టె విరిచి చేతిలో పెట్టాడు.
వాగుల్నీ పెరళ్ళనీ ఏం చెయ్యాలో
చీటీ తీయకముందే రాసుకోవాలని
ఆ రొట్టె నములుతూ నేర్చుకున్నాను.

ప్రతి కంచె పక్కనా కంచె లేని చదరం ఒకటి.
తాళ్ళు, మేకులు, సున్నపు గుర్తులు.
కలం వానకి ఏడుస్తుంది, పెన్సిలు ఏడవదు.
మోకాళ్ళ మీద పాకుతూ
రెండాకుల మొలకలకి నంబర్లు కట్టాను.

జూలైలో పదకొండో కంచె తీగ ఎవరో కోశారు.
లోపల ఒక దూడ,
నా ఏడాది పనిని నెమరేస్తోంది.
ఫోనులో గొంతు పెగల్లేదు నాకు.
"ఎప్పుడు తెగిందో తెలియదని రాయి,
చూసిన తేదీ వెయ్యి," అన్నారు మేడమ్,
"ఏడవడం అయ్యాకే రాయి, పరవాలేదు."

రెండో శరత్తుకి లెక్క తేలింది.
కంచె లోపల నడుమెత్తు గడ్డి,
మొలకలు తక్కువ.
బయట, ఆవులు తొక్కిన నేల మీద, ఎక్కువ.
టేపుని అనుమానించాను.
గాడిదల్ని అనుమానించాను.
మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను, అదే.
గడ్డి మొదళ్ళు విడదీస్తే
కొరికిన పెంకులు, సన్నని సొరంగాలు.

కాయలేరుకోవడానికొచ్చిన మునవ్వర్ పిన్ని
తొక్కరసానికి నల్లబడ్డ చేతులు
గౌనుకి తుడుచుకుంటూ వంగి చూసింది.
"ఆవు మెయ్యని గడ్డిలో గద్ద చూపు ఆనదు తల్లీ.
ఎలుకలకి పెళ్ళిపందిరి వేశావు."
ఈ ముక్క మొదటి ఏడే చెప్పకపోయావా పిన్నీ?
"నువ్వు అడిగావా?"

అడగలేదు.
మట్టిని అడిగాను, తేమని అడిగాను,
నలభై ఏళ్ళుగా ఈ చెట్ల కింద
నడుము వంచిన మనిషిని
దారి మాత్రం అడిగాను.

అయినా ఆమె మాట కూడా జవాబు కాదు,
వచ్చే ఏటి ప్రశ్న.
బోన్లు కావాలి, గడ్డి కోసిన కంచెలు కావాలి,
మేడమ్ ముందు మళ్ళీ టీకప్పు జరగాలి.

దిగే రోజు పిన్ని ఇంకో మాట అంది:
ఈ కొండ మీద చాలా చెట్లు
ఎవరూ నాటినవి కావట,
ఏ ఎలుకో ఏ పిట్టో దాచుకుని
మరిచిపోయిన కాయలట.
అవునో కాదో నాకు తెలియదు.
నోటుబుక్కు తెరిచాను.
ఎత్తుకి గడి ఉంది, ఆకులకి గడి ఉంది,
మరుపుకి లేదు.
పెన్సిలు ములుకు చెక్కి
చివరన ఒక గీత గీశాను.
లోపల ఏం రాయాలో తోచక
అలాగే మూసి, గాడిద మీద కట్టాను.