మూడో గరిటె

'మొహమాటం'కి కార్లైల్‌లో మాట దొరకలేదు.
సిగ్గా అంటే కాదు, మర్యాదా అంటే సగమే.
లైబ్రరీ మేడ మీద గురువారం తరగతిలో
చేత్తో చూపించాను:
విస్తరికి అడ్డంపెట్టిన చెయ్యి,
ఆ చేతి మీదుగానే పడే మూడో గరిటె.

సిగ్నల్ పెట్టెలో ముప్ఫయ్యేళ్లు మీటలు లాగి
రిటైరైన విల్‌ఫ్రెడ్ మాకు స్టోయిక్కుల్ని చెబుతాడు.
"నీ పెట్టెలో మీట లాగితే కదులుతుంది.
పక్క స్టేషన్ మీట కదలదు.
దాన్ని తలుచుకుని చెమటలెందుకు?"

నా రాత్రులన్నీ పక్క స్టేషన్లోనే తెల్లారాయి.

కాదు, లేదు, వద్దు, రాదు, పడదు, కుదరదు
ఇంత ఆస్తి నోట్లో పెట్టుకుని
"అయ్యో, దానికేముందండీ" అంటూ బతికాను.
వకుళగారి డాన్స్ పిల్లలకి
జ్వరంతో పధ్నాలుగు లంగాలు కుట్టాను,
ఒక్కో కుచ్చులో ఒక్కో తిట్టు మడిచి.
నవ్వుతూ ఇచ్చాను.
నవ్వు అబద్ధం. కుట్టు మాత్రం గట్టిది.

ఇక డోరీన్. పక్కింటావిడ.
తొమ్మిదేళ్ల కిందట ఆవిడ రూబార్బ్ కేకు
మొదటి ముక్కకి "అద్భుతం" అన్నాను.
ఆ ఒక్క మాటకి
శుక్రవారం శుక్రవారం వడ్డీ కడుతున్నాను,
వెనక దొడ్లో గోరింకలకి.

మార్చిలో ఒక శుక్రవారం, గుమ్మంలో వాన.
"డోరీన్, నాకిది పడదు.
మొదటి రోజు నుంచీ పడదు. చెప్పలేకపోయాను."
ఆ మూడు ముక్కలూ వారం రోజులు వల్లెవేశాను నేను.
పాపం, ఆవిడ మొహం ఏమీ వల్లెవేసుకోలేదు.
పళ్లెం మీద గుడ్డ సర్దుకుంది.
"సరేనమ్మా" అంది. వానలోకి వెళ్లిపోయింది.

ఆ మొహం పక్క స్టేషన్‌ది. తెలుసు.
తెలిసీ రాత్రి రెండింటికి దిండు తిరగేశాను.
విల్‌ఫ్రెడ్‌కి చెబితే కళ్లజోడు తుడుచుకుంటూ
"నాకూ అంతే" అన్నాడు,
"ఇరవయ్యేళ్లుగా చదువుతున్నా."

రెండు శుక్రవారాలు గంట మోగలేదు.
కేకు లేక గోరింకలు గోడమీద నన్నే చూశాయి.

మూడోదానికి వచ్చింది, ఖాళీ చేతులతో.
మోకాలు గురించి చెప్పింది.
ఆ రూబార్బ్ నాటింది పోయిన మొగుడని,
ఎంత కోసినా చావదని,
ఎవరికో ఒకరికి వండకపోతే
దొడ్డంతా అతనే అయిపోతాడని.
తొమ్మిదేళ్లలో అనని మాట.

ఏమనాలో తెలియలేదు. ఏమీ అనలేదు.
టీ పోసి, అలవాటు కొద్దీ,
"ఇంకో చెంచా చక్కెర?" అన్నాను.
కప్పుకి చెయ్యి అడ్డం పెట్టింది.

నేను చెంచా వెనక్కి తీసుకున్నాను.